చోప్ చేసిన వెనక సీటు

సింగపూర్‌లో అడుగుపెట్టిన మొదటి వారంలోనే నిఖిల ఒక ముక్కూమొహం తెలియని కుర్రాడి టిష్యూ ప్యాకెట్ వాడేసింది.

ఆఫీసు పక్కనే హాకర్ సెంటర్, వరసగా తిండి కొట్లుండే చోటు. మధ్యాహ్నం పూట అక్కడ కుర్చీ దొరకడం గగనం. ఒక టేబుల్ మీద మాత్రం చిన్న టిష్యూ ప్యాకెట్ తప్ప మనిషి లేడు. ఎవరో పాపం మరిచిపోయారనుకుని, అందులోంచి కాగితాలు తీసి, చెమట తుడుచుకుని, దర్జాగా కూర్చుంది. ఇంతలో భోజనం ట్రేతో వచ్చిన కుర్రాడు ఆమెనీ, చిక్కిపోయిన తన ప్యాకెట్‌నీ మార్చి మార్చి చూసి, ఆ సీటు తాను చోప్ చేసుకున్నానని ఇంగ్లీషులో చెప్పాడు.

"కాగితం ముక్క పెట్టి సీటు నాదంటాడేంటి వీడు," అని నిఖిల తెలుగులో గొణుక్కుంది.

"ఈ ఊరి పద్ధతి గదే మరి," అన్నాడు అతను, తెలుగులోనే.

నిఖిల ముఖం కందిపోయింది. అతను నవ్వి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. టేబుల్ మీద టిష్యూ పెట్టి వెళ్తే తిరిగొచ్చేదాకా ఆ చోటు మనదేనని, ఇక్కడ దాన్ని ఎవరూ కాదనరని, చోప్ చేయడమంటే అదేనని ఓపిగ్గా చెప్పాడు. పేరు కౌశల్, ఊరు వరంగల్. ఆమెది కాకినాడ. ఆ రోజు నుంచి ఎవరు ముందొస్తే వాళ్ళు రెండు కుర్చీలకీ టిష్యూ పెట్టడం, రెండో వాళ్ళు టీ తేవడం అలవాటైపోయింది.

వై టూ కే గండం గట్టెక్కి, కంపెనీలన్నీ ప్రోగ్రామర్లని పిలిచి పీట వేస్తున్న రోజులవి. ఒక బుధవారం భోజనాల దగ్గర కౌశల్, కంపెనీ తనని సిడ్నీ పంపిస్తానంటోందని, పై సోమవారానికల్లా అవునో కాదో చెప్పాలని అన్నాడు. అని ఊరుకోక ఆమె ముఖంలోకి చూశాడు.

నిఖిల గుండె జారిపోయింది. అయినా పైకి గట్టిగా నవ్వి, కంగ్రాట్స్ చెప్పి, పెద్ద గ్లాసుడు చాక్లెట్ ఐస్ మైలో తెప్పించి పెట్టింది. మంచి ఉద్యోగం వచ్చిన స్నేహితుణ్ణి వెళ్ళొద్దనడం ఏం మర్యాద? పైగా నువ్వంటే ఇష్టమని చెప్పాక అతను ఇబ్బందిపడి తల దించుకుంటే, మిగిలిన ఆ కాస్త స్నేహమూ గంగపాలు. ఆ రాత్రి హౌగాంగ్‌లోని తన గదిలో ఇలాగే తర్కించుకుని, చివరికి చెప్పి తీరాల్సిందేనని తేల్చుకుంది. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం మాత్రం లేదు. బండి మీదైతే ముఖాలు కనపడవు కదా అని ఒక ఉపాయం తట్టింది.

బస్సుల కోసం నిలబడి విసిగిపోయి ఆమె ఆ మధ్యే లైసెన్స్ తెచ్చుకుని, ఒక పాత మోటార్‌సైకిల్ కొంది. దాని మీద ఇంకా ఎవర్నీ ఎక్కించుకోలేదు. శనివారం చాంగీ వెళ్ళి, సముద్రం చూసి, కొబ్బరిపాల అన్నం నాసీ లెమాక్ తిని సాయంత్రానికి వచ్చేద్దామని కౌశల్‌ని అడిగింది. చిన్నప్పుడు బాబాయి బండి మీంచి పడ్డప్పటి నుంచి కౌశల్‌కి బండ్లంటే హడల్. ఎన్నిసార్లు పిలిచినా ఎక్కనివాడు, ఈసారి ఒక్క క్షణం ఆలోచించి సరేనన్నాడు.

సింగపూర్‌లో డిసెంబరంటే వానల నెల. సెరంగూన్‌లో అతన్ని ఎక్కించుకునేసరికి మబ్బు పట్టింది, హైవే ఎక్కేసరికి దంచడం మొదలుపెట్టింది. నీలం రెయిన్‌కోటు వేసుకుని, వీపున బ్యాగ్‌తో కౌశల్ సీటు వెనక కమ్మీని రెండు చేతులా పట్టుకుని, వచ్చిన దేవుళ్ళ పేర్లన్నీ చదువుతున్నాడు. అది వింటూ మనసులో మాట ఎలా చెబుతుంది? పెదవి దాకా వచ్చింది కాస్తా వెనక్కి పోయింది.

వాన పెద్దదైతే బండివాళ్ళంతా వంతెన కింద ఆగడం ఇక్కడి అలవాటు. వీళ్ళూ ఆగారు. అక్కడ అప్పటికే పది మంది దాకా చలిగాలి తగలకుండా జాకెట్లు ముందువైపు వెనక్కి తిప్పి వేసుకుని గోడకి ఆనుకుని ఉన్నారు. వాళ్ళలో ఒకాయన వీళ్ళ మాటలు విని దగ్గరికొచ్చాడు. పేరు వీరాస్వామి. షిప్‌యార్డ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి, ఇక్కడే స్థిరపడిపోయిన శ్రీకాకుళం మనిషి. ఫ్లాస్కులోంచి మూతలో టీ పోసి ఇద్దరికీ వంతులవారీగా ఇచ్చాడు. అమ్మాయి బండి నడుపుతుంటే అబ్బాయి వెనక కూర్చోవడం ఆయనకి మహా సరదాగా ఉంది.

వాన కాస్త తెరిపి ఇచ్చింది. అందరూ ఒక్కసారే బండ్లు తీయడంతో ఆ ఇరుకులో సందడి రేగింది. నిఖిల హడావుడిగా హెల్మెట్ పెట్టుకుని స్టార్ట్ చేసింది. వీపుకి మెత్తగా ఏదో తగిలింది. అద్దంలో చూస్తే నీటి చారల మధ్య కౌశల్ నీలం రెయిన్‌కోటు కనిపించింది. బయలుదేరింది.

చిత్రంగా ఈసారి దేవుళ్ళ పేర్లు వినపడలేదు. భయం పోయినట్టుంది అనుకుని సంతోషించింది. హైవే దిగి చాంగీ దారిలో సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం పడగానే, ఇప్పుడు కాకపోతే మరెప్పుడూ కాదని ముందుకి చూస్తూనే మొదలుపెట్టింది. మైలో తాగించింది మర్యాదకేనని, ఆ రాత్రి నిద్రే పట్టలేదని, అతను లేని హాకర్ సెంటర్లో తాను ఒక్క మెతుకు ముట్టలేనని, గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది.

వెనక నుంచి ఉలుకూ పలుకూ లేదు. అంతలో కౌశల్ ఫోన్ మోగింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

"ముందు ఫోన్ ఎత్తు. నాకు తర్వాతే చెబుదువుగాని," అంది నిఖిల.

పక్క లేన్‌లో ఆగిన చైనీస్ అంకుల్ తన బండి మీంచి వంగి, "గర్ల్, యు టాక్ టు బ్యాగ్, ఆ?" అన్నాడు.

నిఖిల వెనక్కి తిరిగింది. సీటు మీద కౌశల్ బ్యాగ్ నిటారుగా కూర్చుని ఉంది. దాని మీద రెయిన్‌కోటు కప్పి, పైన బండికుండే ఎలాస్టిక్ తాడు బిగించి ఉంది. దారిలో ఎక్కడైనా పడిపోయాడేమోనని ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. బండి పక్కకి తీసి, బ్యాగ్‌లోని ఫోన్ అందుకుంది.

"నేనే, నిఖిలా. బ్రిడ్జి కిందనే ఉన్న, అంకుల్ ఫోన్‌ల నుంచి చేస్తున్న," అన్నాడు కౌశల్. "ఫ్లాస్కు మూత ఇచ్చొద్దామని, సీటు చోప్ చేసి పోయిన. నువ్వు సీటుతోసహా పోయినవ్."

హైవే మీద వెనక్కి తిరగడానికి ఉండదు. అవతలి దారెక్కి, చాలా దూరం పోయి, చుట్టు తిరిగి రావాలి. ఆ దారంతా నిఖిల ఒకటే ఆలోచించింది. అతను వినలేదు కాబట్టి ఏమీ జరగనట్టు ఊరుకోవచ్చు. స్నేహం స్నేహంగానే ఉంటుంది. కానీ రెయిన్‌కోటు కప్పుకున్న ఆ బ్యాగ్‌ని చూసినప్పటి నుంచి ఆమెకి ఒకటి అర్థమైంది. సోమవారం తర్వాత ఆ సీటు నిజంగానే ఖాళీ అవుతుంది.

వంతెన కింద కౌశల్, వీరాస్వామి మాత్రమే మిగిలారు. ఆయన ఆమెని చూస్తూనే, "అమ్మాయ్, బ్యాగేనా సరిగా పట్టుకు కూకుందా?" అన్నాడు.

నిఖిల నవ్వలేదు. బండి దిగి, హెల్మెట్ తీసి, కౌశల్ ఎదురుగా నిలబడింది.

"నువ్వు వెనకున్నావనుకుని దారిలో ఒక మాట చెప్పాను. మళ్ళీ చెబుతున్నాను. సిడ్నీ వెళ్ళకు. నీకది మంచి అవకాశమని తెలిసే అడుగుతున్నాను. నువ్వంటే నాకిష్టం కౌశల్."

వీరాస్వామి ఉన్నట్టుండి తన బండి చైన్ చూసుకోవడంలో మునిగిపోయాడు.

కౌశల్ ఒక అడుగు ముందుకేశాడు.

"ఆ రోజు పోకు అంటవేమోనని నీ మొకమే చూసిన," అన్నాడు. "నువ్వేమో మైలో తాపిచ్చినవ్. నేను పోతేనే నీకు సంతోషం అనుకున్న. బండంటే భయంతోని సస్తా అని తెల్సి గూడ ఇయ్యాల ఎందుకెక్కినననుకుంటున్నవ్? పొయ్యేలోపు ఒక్క దినమన్న నీతోని ఉందామని."

"మరి సోమవారం ఏం చెబుతావు?"

కౌశల్ జేబులు తడిమి టిష్యూ ప్యాకెట్ తీశాడు. బ్యాగ్ దించి భుజానికి తగిలించుకుని, తడిసిన వెనక సీటుని చేత్తో తుడిచి, ప్యాకెట్‌ని దాని మీద పెట్టాడు.

"నాకు ఈడ సీటుందని చెప్త."

నిఖిల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ప్యాకెట్టే అందుకుని, అందులోంచి కాగితాలు తీసి కళ్ళు తుడుచుకుంది. అతను ఆమెనీ, చిక్కిపోయిన ప్యాకెట్‌నీ మార్చి మార్చి చూశాడు.

"మళ్ళ వాడేసినవ్," అన్నాడు.

"మళ్ళీ వాన ముదురుతాది లా. ఎక్కండి ముందు," అన్నాడు వీరాస్వామి, మాట చివర ఈ ఊరి 'లా' తగిలించి, చైన్ మీంచి తలెత్తకుండానే.

నిఖిల బండెక్కింది. ఈసారి అద్దాన్ని నమ్మలేదు. వెనక్కి చెయ్యి చాపి, అతని మోకాలు చేతికి తగిలాకే బండి కదిలించింది.