గుప్పిట్లో ప్లగ్గు

చీపురుపల్లి స్టేషనుకి అవతల మా బావ నరసింగరావుకి లారీలు కడిగే షెడ్డుంది. గనుల నుంచి వచ్చే లారీలకి మాంగనీసు మట్టి నల్లగా పట్టేసి ఉంటుంది. చేత్తో తోమితే వదలదు. అందుకే ఈ ఇంజను. తాడు చుట్టి లాగితే పెట్రోలు మీద అందుకుంటుంది, వేడెక్కాక కిరసనాయిలు మీద నడుస్తుంది. దాని బెల్టు పంపుని తిప్పిందంటే, గొట్టంలోంచి నీళ్లు కొరడాలా కొడతాయి.

దాని బాగోగులు నాకు నేర్పింది షెడ్డులో పనిచేసే నూకయ్య మావ. నూనె నల్లబడితే మార్చడం, జల్లెడలో ఇసక దులపడం, పంపులో వేసే తోలు వాషర్లు ఆముదంలో నానబెట్టడం. పని మొదలెట్టే ముందు ఎప్పుడూ ఒకటే అడిగేవాడు. "ప్లగ్గు తీసినావేటే, ఓలమ్మీ?"

ప్లగ్గు లేకపోతే నిప్పురవ్వ లేదు. ఇంజను తిరగదు. తీసిన ప్లగ్గు గుప్పిట్లో ఉంటేనే పంపులో చెయ్యి పెట్టాలి.

ఆ మావనే మొన్న ఎండాకాలంలో ఇంజను తినేసింది. చెయ్యి పంపులో ఉండగా తిరిగింది. బెల్టు లాగేసుకుంది. చూస్తే ఆయన రెండో గుప్పిట్లో ప్లగ్గు!

"పాతదేదో పట్టుకున్నాడు. అసలుది తియ్యడం మరిసిపోనాడు," అన్నాడు బావ. అందరం నమ్మాం. ఎంతమంది లాగినా ఆ గుప్పిట విడలేదు. ప్లగ్గుతోనే కాల్చేశారు.

నిన్న పొద్దున్నించీ ముసురు. లారీలు లేవు. పంపు కారుతోందని, దీపాలు పెట్టే వేళకి బావ వాషర్లు మార్చడానికి కూర్చున్నాడు. నేనే ప్లగ్గు విప్పాను. మసి గీకాను, గుడ్డతో తుడిచాను, కుడి గుప్పిట్లో పట్టుకున్నాను. ఎడమ చేత్తో లాంతరెత్తాను. ప్లగ్గు తీగ ఊరికే వేలాడుతోంది. తాడు మేకుకి తగిలించి ఉంది.

షెడ్డంతా ఆముదం వాసన. రేకుల మీద వాన.

"వేగిరం కానీ, బావా."

"ఏటే, మావొస్తాడని బయమా? వస్తే రానీ. ఈ తోలు ఆయనే ఏస్తాడు, నాకు పని తప్పుతాది."

నవ్వాను. బావ మోచేతి దాకా పంపులో పెట్టాడు. ఆయన కుడి చెయ్యి. మా అక్క పిల్లలు అన్నం తినేది ఆ చేతి మీదే.

"ప్లగ్గు తీసినావేటే?"

"తీశాను కదా బావా."

"ఎవులితో మాటాడతన్నావే?" బావ తలెత్తాడు.

"నువ్వే అడిగావు కదా..."

"నానేటీ అడగలేదు."

వాన ఆగిపోయింది... లేదు, ఆగలేదు. నాకు వినబడ్డం మానేసింది. ఆముదం వాసన పోయింది. కాలిన కట్టెల వాసన వస్తోంది. నా చెవి పక్కనే, మెల్లగా...

"నీ సేతిలోది నాది కదే, ఓలమ్మీ."

గుప్పిట్లో వేడి.

బెల్టు కదిలింది. కొంచెమే...

లాంతరు వదిలేసి బావ మెడ పట్టుకుని వెనక్కి లాగాను. ఇద్దరం బురదలో పడ్డాం. ఇంజను ఒక్కసారిగా అందుకుంది. తాడెవరూ లాగలేదు. బావ భుజం మీద తువ్వాలుని బెల్టు లాక్కుంది. నమిలింది. ఇరుక్కుని, ఆగింది.

బావ తన వేళ్లు తడుముకున్నాడు. అన్నీ ఉన్నాయి. లాంతరు ఆరిపోయింది, అగ్గిపుల్ల గీశాడు.

ఇంజనుకి ప్లగ్గుంది. బిగించి ఉంది. తీగ కూడా తగిలించి ఉంది.

"నువ్వూ పాతదే పట్టుకున్నావే," అన్నాడు బావ. షెడ్డులో పాత ప్లగ్గు లేదని ఇద్దరికీ తెలుసు.

ఇవాళంతా అక్క బిగుసుకుపోయిన నా కుడి చేతికి ఆముదం రాసింది, వేణ్ణీళ్లలో పెట్టింది. బావ నా వేళ్లు విడదియ్యాలని చూసి, అవి రాక, ఏడ్చి, లేచిపోయాడు. గుప్పిట పైన ప్లగ్గు పింగాణీ కొస కనిపిస్తోంది. దానికంతా బూడిద పట్టి ఉంది. తుడుస్తున్నకొద్దీ వస్తోంది.

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకండి. ఇదంతా ఎడమ చేత్తో రాస్తున్నాను.