జిన్నింగ్ షెడ్డు దెయ్యానికి ఒక చుట్ట

చోళపురం దారిలో మూతపడిన పత్తి జిన్నింగ్ షెడ్డు ఒకటి ఉండేది. చీకటిపడితే అటు కుక్క కూడా పోయేది కాదు. కరెంటు పీకేసి మూడేళ్లు, బెల్టులు ఎలుకల పాలు — అయినా ఒక నెలంతా రాత్రుళ్లు లోపల యంత్రం తిరుగుతోందని రాజపాళయంలో ఒకటే మాట. చచ్చిపోయిన షెడ్డు ఇంజను డ్రైవరు గురుసామి డ్యూటీకి వస్తున్నాడన్నారు. బతికుండగా అంత ఒళ్లు వంచినవాడు కాదు, పాపం!

అరవై రెండులో మా దామోదరన్ మామ ఆ దారిన ఒంటరిగా పోవలసి వచ్చింది. చెప్పింది మామే, కాబట్టి సగం తీసేసి వినండి.

తెల్లారితే చోళపురంలో ఆయన చెల్లెలు సరోజాదేవి పెళ్లి. పుట్టింటివాళ్లు పెట్టే తాళిబొట్టును రాజపాళయంలో కంసాలి ఆచారి రాత్రి పదకొండుకు గాని ఇవ్వలేదు. దాన్ని పసుపుగుడ్డలో చుట్టి రొంటిన దోపుకుని మామ నడక మొదలుపెట్టాడు. ముహూర్తం ఐదున్నరకు. చుట్టుదారిన పోతే అందదు.

షెడ్డు దగ్గరయింది...

దబ్... దబ్... దబదబ్...

మామ తల వంచుకుని నడక పెంచాడు. దారి షెడ్డు వాకిలి ముందునుంచే. చూడకూడదు అనుకుంటూనే చూశాడు —

పొగ. నేలమీద టార్చిలైటు. వీపు ఇటు పెట్టి కూర్చున్న ఆకారం. తలంతా ఆస్పత్రి కట్టుగుడ్డ. రెండు చెవుల్లోంచి రెండు నల్లటి పేగులు వేలాడుతున్నాయి!

"సామీ..."

పలకలేదు.

"గురుసామన్నా..."

ఊహూ. అప్పుడు వాళ్ల అవ్వ రంగమ్మాళ్ మాట గుర్తొచ్చింది: "దారిలో ఏదైనా ఎదురొస్తే పరుగెత్తద్దురా. చుట్ట అంటించి ఇయ్యి. అది పీల్చేలోపల నువ్వు దాటిపో."

మామ దగ్గరికి పోయి, రొంటినున్న చుట్ట లాగి అగ్గిపుల్ల గీశాడు. "తీసుకో సామీ..."

ఆకారం గిర్రున తిరిగింది. అగ్గిపుల్లను చూసి — కెవ్వుమంది! భగ్గుమని మంట లేచింది.

మామ ఒక దిక్కు, దెయ్యం ఒక దిక్కు.

దెయ్యమే తనను చూసి జడుసుకుందని మామ ఈనాటికీ మీసం దువ్వుతాడు. ఆ రాత్రి మాత్రం చోళపురం చేరి రొంటిన చెయ్యి పెడితే... తాళిబొట్టు లేదు.

"పోయి వెతకరా!" అంది వాళ్లమ్మ.

"పోతానమ్మా. తెల్లారనీ."

"తెల్లారితే ముహూర్తం కదరా, పాపిష్టోడా!"

మామకు నిజంగా ఏడుపొచ్చింది. అంతలో వీధి మలుపులో బండి చప్పుడు. పెళ్లికొడుకు సీతారామన్ తన ఇంగ్లీషు సీమ మోటార్ సైకిల్ మీద దిగాడు. పెళ్లిచూపులకు దగ్గుతూ తుమ్ముతూ వచ్చిన బండి, ఇప్పుడు నిమ్మళంగా ఒకే తాళంలో నడుస్తోంది.

పెళ్లికొడుక్కి కనుబొమలు లేవు.

అతను మామ చెవి దగ్గర వంగి మెల్లిగా అన్నాడు: "రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు బావా. రెండూ సమంగా గాలి పీలుస్తున్నాయా అని చెవికి రబ్బరు ట్యూబు పెట్టి వినాల. ఊర్లో మిల్లు సద్దుకు వినబడదని నెలగా రాత్రుళ్లు ఆ షెడ్డుకు పోతా ఉంటిని. చేతులు స్క్రూలమీద ఉంటాయి కదా, అందుకే ట్యూబులు కట్టుగుడ్డతో తలకు కట్టుకొంటిని."

జేబులోంచి పసుపుగుడ్డ తీసి మామ చేతిలో పెట్టాడు. "వాకిట్లో దొరికె. ఇంకోసారి దెయ్యానికి చుట్ట ఇచ్చేముందు పెట్రోలు వాసన చూడు."

ఆ తాళి ఇప్పటికీ మా అమ్మ మెడలోనే ఉంది. నాన్నకు కనుబొమలు మళ్లీ మొలిచాయి — ఎడమది ఒత్తుగా, కుడిది పలచగా. ఊళ్లో ఎవరి బండినైనా సమం చేసిన మనిషి, ఆ రెండింటినీ మాత్రం చేయలేకపోయాడు.