వెనక గది అడిగిన మాట

పిల్లలూ, మీరు పుట్టకముందు సంగతి ఇది. గోడమీద ఫొటో చూపించి "ఈవిడెవరమ్మా?" అని మీరు అడిగినప్పుడల్లా "మీ పెద్దమ్మ" అని మాత్రం చెప్పి మాట దాటేశాను. రాత్రిళ్ళు భయపడతారని. ఇప్పుడు భయపడితే పడండి, చెప్పకుండా ఉంచడం ఇంకా తప్పనిపిస్తోంది. ఇందులో నేను కళ్ళారా చూసింది తక్కువ. మిగతాది ఆ రాత్రి అక్కడున్న మనిషి చెప్పగా విన్నాను. విన్నదానికి ఒక్క ముక్క కూడా కలపను.

మనం ఇంత దూరం రాకముందు, మా వీధి చివర ఒక రికార్డింగ్ స్టూడియో ఉండేది. మేడమీద పొడుగాటి వరండా, ఆ వరండా కొసన ఒక వెనక గది. చీకటి పడ్డాక ఆ గదివైపు ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు.

మా వీధిలో కరెంటు పోయేది చీకటి పడ్డాకే. పోయినప్పుడు ఏమీ ఉండేది కాదు. కరెంటు వచ్చినప్పుడే... దీపాలు వెలిగి, ఫ్యాన్లు తిరగడం మొదలై, అందరూ హమ్మయ్య అనుకునే వేళకి... తాళం వేసిన ఆ గదిలోంచి ఒక ఆడగొంతు మెల్లగా అడిగేది.

"ఇంకా రాలేదా?"

అంతే. మళ్ళీ చప్పుడుండేది కాదు.

ఊడ్చే ఆవిడ చీపురు అక్కడే పడేసి పని మానుకుంది. వయొలిన్ వాయించే పెద్దాయన మాత్రం, "ఎవరికోసమో ఎదురుచూస్తోంది పాపం, రాలేదని ఎవరైనా వెళ్ళి చెప్పి రండి" అని నవ్వేవాడట. అది పగటిపూట. చీకటి పడితే ఆయనా మెట్లు రెండేసి దిగేవాడు.

ఆ గొంతు మీ పెద్దమ్మది. అప్పటికి తను పోయి చాలా కాలమైంది.

మీ పెద్దమ్మ తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపుదాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూసే రకం. నేనూ అంతేనని మీ నాన్న వెక్కిరిస్తారు కదా, మాది వంశమే అది. స్టూడియోలో రికార్డింగులన్నీ చూసుకునే పని తనది. ముందు హాల్లో కంప్యూటర్లో ఉన్నవాటికి ఇంకో నకలు లేకపోతే అక్కకి అన్నం దిగేది కాదు. ఆ నకలు దాచే డిస్కేమో యజమాని సంచీలో తిరిగేది. ఆయన్ని చాటుగా అందరూ తొందరాయన అనేవాళ్ళు.

"సార్, ఆ డిస్కు ఇక్కడే ఉంచితే పోదా?"

"ఇక్కడుంటే ఎవడైనా ఎత్తుకుపోతాడు. నా సంచీలో ఉంటే నా కళ్ళముందుంటుంది."

"మీ సంచీ ఎప్పుడో వస్తుంది సార్. రికార్డింగులు రోజూ ఉంటాయి."

"నువ్వు కాస్త భయం తగ్గించుకోవమ్మా."

భయం తగ్గలేదు కానీ, అక్క ఒక ఉపాయం చేసింది. వెనక గది అలమరాలో ఒక చిన్న యంత్రం పెట్టింది. దాని పనల్లా డిస్కుకోసం కాచుకుని ఉండటమే. డిస్కు ఎప్పుడొచ్చినా, తీగ తగిలించగానే, ఎవరూ ఏమీ నొక్కక్కర్లేకుండా, హాల్లో కొత్తగా చేరినవన్నీ అందులోకి ఎక్కించేస్తుంది. ఎక్కుతున్నంతసేపూ ఎర్రలైటు. అయ్యాక పచ్చలైటు. ఎర్రగా ఉండగా లాగకూడదు. ఆ ఒక్కటీ గుర్తుంటే చాలు.

ఆ రోజుల్లోనే ఒక ముసలావిడ స్టూడియోకి వచ్చింది. గొంతుకి ఆపరేషన్, తర్వాత మాట రాదని డాక్టర్లు చెప్పేశారు. మనవలకోసం కథలు చెప్పింది, జోలపాటలు పాడింది, అల్లరి చేసినవాళ్ళని ఎలా తిట్టాలో అలా తిట్టి పెట్టింది. ఒక్కొక్కరినీ పేరుపెట్టి అన్నానికి పిలిచింది. అదంతా అయ్యేదాకా డిస్కు రాలేదు. చివరిరోజు సాయంత్రం వచ్చింది. ఎర్రలైటు వెలిగింది.

"అయిపోయిందా?" అన్నాడు తొందరాయన, సంచీ భుజాన వేసుకుని.

"సగం ఎక్కింది సార్. ఒక్క పావుగంట ఆగండి."

"విందుకి వెళ్ళాలి. రేపు చూద్దాంలే."

లాగేశాడు. గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు.

ఆ రాత్రి పిడుగులు పడ్డాయి. హాల్లో కంప్యూటర్ కాలిపోయింది.

మర్నాడు ముసలావిడ కొడుకు వచ్చాడు. తొందరాయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "మా అమ్మాయి బ్యాకప్ చేయడం మర్చిపోయిందండీ" అన్నాడు. అక్క చెప్పబోయింది. ఆ కొడుకు వినలేదు.

"మా అమ్మకి గొంతు ఒక్కసారే పోవాల్సింది. నువ్వు రెండోసారి తీసేశావు."

ఈ మాట అందరి ముందూ అన్నాడు. నెలాఖరుకి అక్క ఉద్యోగం పోయింది. నిర్లక్ష్యం మనిషని పేరు పడ్డాక ఇంకెవరూ పని ఇవ్వలేదు. తాళం రెండుసార్లు లాగి చూసే మనిషికి... ఆ పేరు. ఒక జ్వరానికి మంచమెక్కి మరి లేవలేదు. ఆఖరిరోజు కూడా, "నేను ఆగమన్నానే, ఆగమనే అన్నాను" అంటూనే ఉంది. పక్కన నేనున్నాను. ఇది నేను విన్నది కాదు, చూసింది.

ఇక ఆ రాత్రి సంగతి. తొందరాయన బావమరిది, అక్క తర్వాత ఆ పనిలో చేరినవాడు, నాకు చెప్పిందే ఇది.

ముసలావిడ పోయింది. పొద్దుగూకాక కొడుకు స్టూడియోకి వచ్చాడు.

"సార్, సగం ముక్కయినా ఉందేమో చూడండి. ఆవిడ దగ్గు ఉన్నా చాలు."

"అసలు ఎక్కించనేలేదయ్యా ఆ అమ్మాయి. డిస్కు ఖాళీ. కావాలంటే నీ కళ్ళముందే చూపిస్తాను" అని తొందరాయన ఇంటికి మనిషిని పంపి ఆ పాత డిస్కు తెప్పించాడు. ఆ రోజు ఇంటికి తీసుకెళ్ళాక మళ్ళీ అది స్టూడియో గడప తొక్కలేదు. దానికి సరిపోయే తీగ వెనక గదిలోనే ఉంది.

"పొద్దున చూద్దాం బావా" అన్నాడు బావమరిది, గొంతు తగ్గించి.

"ఏం, నీకూ దెయ్యం భయమేనా?" పొద్దుండగానే ఇంటికెళ్ళిపోయే మనిషి కదా, ఆ గొంతు ఆయన ఎప్పుడూ విననేలేదు.

తాళం తీశారు. లోపల దుమ్ము, మూసిన కిటికీ. అలమరాలో చిన్న యంత్రం ఒక్కటే మినుకుమంటోంది. తొందరాయన తడుముకుని తీగ పట్టుకుని, డిస్కుకి తగిలించాడు.

ఎర్రలైటు వెలిగింది.

"వచ్చావా?"

ఆ గొంతు తొందరాయనకి తెలుసు.

"పోయినసారి మధ్యలో లాగేశారు... ఈసారైనా ఆగండి."

కొడుకు మెల్లగా తల తిప్పి యజమాని వైపు చూశాడు. ఆయన చెయ్యి తీగమీదే ఉంది. లాగబోయాడు... వేళ్ళు రాలేదు. ఎర్రలైటు ముఖాలమీద పడుతోంది. అప్పుడు మళ్ళీ... అలమరాలోంచి కాదు, చెవి పక్కనుంచి వచ్చినట్టు... గుసగుసగా...

"ఎవరు లాగారు?"

తొందరాయన నేలమీద కూలబడ్డాడు.

"నేనే. ఆగమంది. విందుకి ఆలస్యమవుతోందని లాగేశాను. ఎక్కిన సగం ఇంట్లో నేనే చెరిపేశాను... ఎవరూ చూడకూడదని."

లైటు పచ్చగా మారింది.

"అయిపోయింది. ఇక వెళ్ళొచ్చు."

మర్నాడు బావమరిది ఆ యంత్రాన్ని విప్పి చూస్తే అంతా తేలిపోయింది. దెయ్యమూ లేదు, ఏమీ లేదు. ఉద్యోగంలో మిగిలిన ఆ కాసిని రోజుల్లో అక్క తన గొంతు అందులో పెట్టి వెళ్ళింది, తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళకి తన గతి పట్టకూడదని. యంత్రం లేచేసరికి డిస్కు లేకపోతే ఒక మాట. డిస్కు వస్తే ఒకటి. పోయినసారి సగంలో ఆగి ఉంటే ఒకటి. పూర్తయితే ఒకటి. కరెంటు వచ్చినప్పుడల్లా అది లేచి, డిస్కుకోసం వెతికి, లేదని అడిగేది, అంతే.

తర్వాత ఆ కొడుకు మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "మీ అక్కగారిని నేను ఒక మాట అన్నాను" అని తల దించుకున్నాడు. పర్వాలేదు అనలేదు నేను. ఇప్పటికీ అనను. స్టూడియో మూతపడింది. కరెంటు వచ్చినప్పుడల్లా తొందరాయన చెవులు మూసుకుంటాడని విన్నాను. ఒకరి బాధకి సంతోషించకూడదని మీకు రోజూ చెప్పేదాన్ని, నాకే చెప్పుకోలేకపోయాను. ఆ కబురు విన్నరోజు హాయిగా నిద్రపోయాను.

ఆ యంత్రం బావమరిది నాకిచ్చేశాడు. మన బట్టల అలమరా పైఅరలో, పాత దుప్పటిలో చుట్టి ఉన్నది అదే. ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పాడు. తను పదేపదే వెతికాడట. అందులో ఉన్నవి ఆ నాలుగు మాటలే. "ఎవరు లాగారు?" అన్నది... లేదు. ఎక్కడా లేదు.

మీకూ పిల్లలు పుడతారు. వాళ్ళూ ఆ ఫొటో చూపించి ఈవిడెవరని అడుగుతారు. ఆ తప్పు మా పెద్దమ్మది కాదని చెప్పండి, ఎవరిదో కూడా చెప్పండి.

చెప్పడం మొదలుపెట్టాక మాత్రం, ఎంత తొందరున్నా, మధ్యలో ఆపకండి.