ఎర్రబడ్డ కొడవలి

"వచ్చింది! ఎరుపు వచ్చింది!"

దీవెన కొడవలిని పైకెత్తి గంతులేసింది. నీలం మందులో ముంచి తీసిన ఆ కొడవలి అంచుకు ఎర్రటి పూత అంటుకుంది.

శుక్రవారం బడిలో సంపత్ సార్ కూడా ఇలాగే చూపించారు. రాగి ఉండే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లలో ఇనుప మేకు వేస్తే కాసేపటికి అది ఎర్రబడింది. "ఇనుము వచ్చి రాగిని లేపి, దాని జాగల తను కూసుంటది. లేచిన రాగి మేకుకు అతుక్కుంటది. ఇదే స్థానభ్రంశం" అన్నారు సార్. ఏడో తరగతి అంతా చప్పట్లు కొట్టింది. ఇంకేం, ఎరుపు వస్తే గెలిచినట్టేనని దీవెన లెక్క.

ఇవాళ ఆదివారం. చర్చి అయిపోగానే దీవెన, వాళ్ల నాన్న జకర్యా మిరప నారుమడికి వచ్చారు. పక్క తండా నుంచి దీవెన స్నేహితురాలు పూలి కూడా వచ్చింది. ఈసారి రెండిళ్లవాళ్లూ ఒకే మడిలో నారు పోశారు. సగం వీళ్లది, సగం వాళ్లది. వానలకు నారు కుళ్లుతుంటే జకర్యా మైలుతుత్తం నీళ్లలో సున్నం నీళ్లు కలిపి మందు చేశాడు.

"కొడవలి ముంచి చూడుండ్రి. ఎర్రబడితే సున్నం సాలనట్టు. నేనొచ్చేదాక పొయ్యకుండ్రి" అని చెప్పి మోటారు వెయ్యడానికి వెళ్లాడు.

దీవెనకు ఓ అలవాటుంది. ఎవరైనా సగం మాట చెప్పేసరికే మిగతా సగం తనకు తెలిసిపోయిందనుకుంటుంది.

"మీ నాయిన ఎర్రబడొద్దన్నడే" అంది పూలి.

"నీకేం తెల్వదు. సార్ చూపించిండు గదా! ఎర్రబడితేనే కరెక్టు."

పూలి మళ్లీ ఏదో అనబోయింది. అప్పటికే దీవెన క్యాన్ నింపి చివరి వరుస మీద పోసేసింది. అది పూలి వాళ్ల వైపు.

తిరిగొచ్చిన జకర్యా కొడవలి చూసి ఉలిక్కిపడ్డాడు. "ఆగు బిడ్డా! జల్దీ మంచినీళ్లు తే!"

ముగ్గురూ కలిసి ఆ వరుసంతా కడిగారు. జకర్యా మందులో ఇంకాస్త సున్నం పోశాడు. కొడవలిని తోమి ముంచితే ఈసారి ఎరుపు అంటలేదు. అప్పుడే మడికంతా పోశాడు.

తెల్లారి చూస్తే చివరి వరుసలో ఆకుల కొసలు మాడి ఉన్నాయి. పూలి అక్కడే గొంతుక్కూర్చుంది. "మా నాయినకు ఏం చెప్పాలె?" అంది మెల్లగా.

దీవెనకు ఏడుపొచ్చింది. "నేనే వచ్చి చెప్త" అంది. వెళ్లి చెప్పింది కూడా.

ఆ రోజు బడిలో సంపత్ సార్‌కు జరిగిందంతా చెప్పింది.

"మైలుతుత్తం, సున్నం కలిస్తే రెండూ జతలు మార్చుకుంటయి. అది ద్వంద్వ స్థానభ్రంశం" అన్నారు సార్. "సున్నం తక్కువైతే జత మారని రాగి మిగుల్తది. కొడవలికి అంటేది అదే, లేత ఆకును కాల్చేది అదే. మేకు ఎర్రబడితే మన పాఠం అయినట్టు. కొడవలి ఎర్రబడితే మందు ఇంకా కానట్టు."

నారు పీకే రోజు వచ్చింది. మాడిన వరుస చిగుర్లు వేసింది కానీ మొక్కలు పొట్టిగానే ఉన్నాయి. దీవెన ఆ పొట్టి మొక్కల కట్టలన్నీ తన గంపలోకి తీసుకుంది. తన గంపలోని ఏపుగా పెరిగిన నారు కట్టలు పూలి గంపలో పెట్టింది.

"ఏందే గిది?"

"జతలు మారుస్తున్న" అంది దీవెన.

పూలి పకపకా నవ్వింది. తర్వాత గంపల వైపు చూసి ఏదో అనబోయింది.

దీవెన చేతిలో కట్ట కింద పెట్టి పూలి వైపు తిరిగింది. "చెప్పు."

"వేర్లు ఎండుతున్నయే. తడి గోనె కప్పాలె."

గోనెసంచి తడిపి తేవడానికి దీవెన మోటారు దగ్గరికి పరుగెత్తింది.