గిరిజకు పరామర్శలు

పొద్దున్నే పాలు పితకబోయే ముందు గేదెను "ఎలా ఉన్నావే?" అని అడిగి, అది చెప్పిన జవాబు విన్నాకే చెంబు అందుకోవడం తెలుగునాట అలవాటైపోయి చాలా ఏళ్ళయింది. బాగున్నానంటే సరే. కడుపుబ్బరంగా ఉందంటే ఆ పూట మేత మార్చేవారు. కుక్కలు, మేకలు, చిలకలు, ఆఖరికి పందెం కోళ్ళు కూడా తమ ఒంట్లో సంగతి తేట తెలుగులో చెప్పుకుంటున్న కాలం అది. 2087వ సంవత్సరం. వాటి చేత అలా చెప్పించే యంత్రం పేరు కుశలిని.

దాన్ని కనిపెట్టినవాడు డాక్టర్ వాసంశెట్టి భాస్కరం. కోనసీమ మనిషి. సూది గుచ్చకుండా, ఒంట్లో చిప్ పెట్టకుండా జంతువు కడుపులో ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్నది ఆయన పట్టుదల. జంతువు నిలబడే నేల కింద 'అదురు పలక' ఒకటి పరుస్తారు. మీట నొక్కి ప్రశ్న అడగగానే ఆ పలక సన్నగా అదురుతుంది. ఆ అదురు జంతువు ఒంట్లోకి వెళ్ళి, పేగులను తాకి, వెనక్కి వస్తుంది. డాక్టరు రోగి పొట్ట మీద వేలితో తట్టి చప్పుడు వినడం లాంటిదే. వెనక్కి వచ్చిన తరంగాన్ని సెన్సర్లు పట్టుకుంటాయి. నరాల బిగువును, తిండి ఎంతవరకు జరిగిందన్న లెక్కను చూసి కుశలిని మామూలు మాటల్లో చెబుతుంది. ఇప్పుడెలా ఉందన్నదే కాదు, కిందటిసారి అడిగినప్పటి నుంచి ఎలా గడిచిందన్నది కూడా చెప్పగలదు.

ఇన్ని నోరులేని జీవాల చేత మాట్లాడించిన ఈ యంత్రం ఒక పాము దగ్గర మాత్రం భాస్కరం గారి పరువు తీసింది.

ఆ పాము గిరిజ. తూర్పు కనుమల్లోని గిరినాగుల సంరక్షణ కేంద్రంలో ఉంటుంది. అడవిలో గిరినాగు కనబడి ఒక తరం దాటింది. గూడు కట్టి గుడ్లు పెట్టగల ఆడది గిరిజ ఒక్కటే మిగిలింది. పాముల్ని తినే జాతి కాబట్టి, ప్రయోగశాలలో పెంచిన సాగుమాంసానికి జెర్రిపోతు వాసన పట్టించి, తాడులా పేని దానికి పెట్టేవారు. ఆశగానే మింగేది. కాసేపటికి మెడ సాగదీసి, నోరు వెడల్పు చేసి, మింగింది మింగినట్టే కక్కేసేది.

"మళ్ళీనా?" అన్నాడు భాస్కరం, గాజు తలుపు దగ్గరకు వచ్చి.

డాక్టర్ గొర్లె సుభాషిణి పట్టకారు అందుకుంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన పాముల వైద్యురాలు ఆమె. గుడ్డు పెంకు చీల్చుకుని గిరిజ తల బయటపెట్టిన రోజు దాన్ని అరచేతిలోకి తీసుకున్నది తనే. ఇప్పుడు దాని వెన్ను గట్టులా పైకి తేలింది. పక్కల చర్మం వదులై వేలాడుతోంది. నేల మీద ముద్దను ఆమె పట్టకారుతో పైకి తీసింది.

"నాకు విసుగొచ్చేసిందండీ," అంది. "పురుగుల్లేవు. నోట్లో పుండు లేదు. వెచ్చదనం సరిపోయింది. మాంసం మెత్తగానే ఉంది. ఇంకేటి చెయ్యమంటారు?"

"కుశలినిని అడుగుదాం ఉండమ్మా."

"ఎన్నిసార్లు అడుగుతారు? అడిగినప్పుడల్లా ఒకటే మాట కదా."

అయినా ఆయన మీట నొక్కాడు. "గిరిజా, ఎలా ఉంది?"

"బాగోలేదు," అంది కుశలిని.

"ఎక్కడ బాగోలేదమ్మా?"

"అంతటా."

"చూశారా? మూలిగినట్టుంది గాని చెప్పినట్టు లేదు," అని సుభాషిణి ముద్దను డబ్బాలో పడేసి మూత గట్టిగా వేసింది. కక్కిన ప్రతిసారీ కడుపులోని ఆమ్లం పోతుంది, లోపలి పొర ఒరిసిపోతుంది. ఇంకొక్కసారి కక్కితే మరో ముద్ద మింగే ఓపిక దానికి ఉండదని ఆమెకు తెలుసు. ఆ మాట భాస్కరానికి అప్పుడే చెప్పేసింది. ఆయన ముఖం వాడిపోయింది.

ఇక రాష్ట్రం సంగతి చెప్పాలి. గిరిజ ఒకసారి తిన్నది కక్కిందన్న వార్త వచ్చిన రోజే సంరక్షణ కేంద్రం వారు 'పరామర్శ ద్వారం' తెరిచారు. ఎవరైనా సరే, ఇంట్లో కూర్చుని మీట నొక్కి గిరిజను పలకరించవచ్చు. మనవాళ్ళ సంగతి తెలియనిదేముంది? జబ్బుపడ్డ మనిషిని చూడ్డానికి వెళ్ళకపోతే మాట వస్తుంది. వెళ్ళినవాడు ఊరికే కూర్చోడు. తిన్నావా అంటాడు, అరిగిందా అంటాడు, నిద్ర పట్టిందా అంటాడు, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి మళ్ళీ మొదటి ప్రశ్న అడుగుతాడు. రోగి అటు తిరిగి పడుకుంటే, అయ్యో నీరసం అని జాలిపడి ఇంకో పది నిమిషాలు కూర్చుంటాడు. గిరిజ విషయంలోనూ అంతే జరిగింది. బస్సుల్లో, బడుల్లో, పెళ్ళి పందిళ్ళలో జనం మీటలు నొక్కారు. పైగా సలహాలు. జీలకర్ర నీళ్ళు పట్టమని ఒకరు, వాము వాసన చూపించమని ఒకరు. దిష్టి తీయించమన్నవాళ్ళకు లెక్కే లేదు.

సుభాషిణి ఆ సలహాలన్నీ చదివేది. చదివి తల పట్టుకునేది. పాముకు వాము ఏమిటని ఎవరితో చెప్పుకుంటుంది? అంత ప్రేమగా అడిగేవాళ్ళ మీద కోపం తెచ్చుకోలేక, ఊరుకోలేక, మింగలేక కక్కలేక ఉండేది.

ఒక ఉదయం గిరిజ గదిలో నీళ్ళ తొట్టి మారుస్తూ ఆమె ఒక విషయం గమనించింది. పాము చుట్ట చుట్టుకుని పడుకుంటే తలను నేలకో తన ఒంటికో ఆనించుకుంటుంది. గిరిజ ఆనించడం లేదు. అంత నీరసంలోనూ తల గాల్లో నిలబెట్టి ఉంచింది. అలసిపోయి గడ్డం నేలకు దించడం, వెంటనే చురుక్కుమన్నట్టు ఎత్తడం. దించినప్పుడల్లా అదే వరస.

పాముకు బయటికి చెవులు లేవు. కింది దవడను నేలకు ఆనించి అదురును వింటుంది. ఏదో పెద్ద జంతువు తొక్కుకుంటూ మీదికి వస్తోందని తెలిసేది దానికి అలాగే. తిన్న తిండితో బరువెక్కిన పాము పారిపోలేదు. పారిపోవాలంటే ముందు తిన్నది కక్కి ఒళ్ళు తేలిక చేసుకోవాలి. ఇవన్నీ మొదటి సంవత్సరం పాఠాలు. తనే పిల్లలకు చెప్పిన పాఠాలు.

సుభాషిణి గిరిజను గోనె సంచిలోకి దించి పక్క గదికి పంపింది. ఖాళీ గదిలో బోర్లా పడుకుని గడ్డం నేలకు ఆనించింది. తలుపు దగ్గర భాస్కరం నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఏంటమ్మా ఇది?"

"ద్వారం కాసేపు ఆపించి, మీరు ఒక్కసారి మీట నొక్కండి."

ఆయన నొక్కాడు. దవడ ఎముకలో చిన్న కదలిక. ఈగ వాలినంత అని చెప్పిందామె.

"ఇప్పుడు ద్వారం తెరిపించండి."

తెరిచారు. ఒక్క నిమిషం కూడా ఉండలేకపోయింది సుభాషిణి. ఏనుగుల గుంపు ఆగకుండా తొక్కుకుంటూ వస్తున్నట్టు ఉంది. లేచి కూర్చునేసరికి పళ్ళు జివ్వుమంటున్నాయి, కళ్ళలో నీళ్ళు.

"గేదెలు ఈ అదురుని పట్టించుకోవండీ. వాటి చెవులు తలకి ఉన్నాయి. పాము ఒంటితో వింటది. తిన్న దగ్గర్నించి దీన్ని మనం తరుముతానే ఉన్నాం. ఎలా ఉన్నావు, ఎలా ఉన్నావు అని తరుముతానే ఉన్నాం."

భాస్కరం వంగి నేల మీద అరచెయ్యి ఆనించి చూశాడు. తరువాత, "నేనే చూడలేదమ్మా," అన్నాడు. "పాముని కూడా గేదె లెక్కలోనే వేసేశాను." ద్వారం ఆయనే స్వయంగా మూయించాడు.

జనం ఊరుకుంటారా? మా గిరిజ ఎలా ఉందో మాకు చెప్పరా అని గోల. పాము ఎప్పుడో చచ్చిపోయిందని, దాస్తున్నారని పుకార్లు. పైఅధికారి ఒకాయన ఫోన్ చేసి, గంటకొకసారైనా అడగనివ్వమని బతిమాలాడు. సుభాషిణి ఒప్పుకోలేదు. ఏటి సార్, మీరు అన్నం తిన్నాక గంటకొకసారి పులిని మీ మీదికి తోలితే మీకు అరుగుతుందా అని అడిగింది. ఆయన ఫోన్ పెట్టేశాడు.

గిరిజను వెచ్చటి చెక్క పెట్టెలోకి మార్చారు. చీకటిగా ఉండాలని మూత బిగించారు. కెమెరా తిరిగితే సన్నని చప్పుడు వస్తుందని అదీ తీసేయించింది సుభాషిణి. అంతకుముందు పెట్టిన దాంట్లో పావు వంతు ముద్ద పెట్టింది. గిరిజ మింగింది. ఇక ఆ పెట్టె దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు. దాని కింది పలకకు ఒక్క మీట మాత్రమే ఉంచారు. అది సుభాషిణి గదిలో ఉంది.

ఆరోజు గడిచింది. మర్నాడు గడిచింది. భాస్కరం వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

"ఒక్కసారి అడిగి చూద్దామా అమ్మా?"

"వద్దండీ."

"ఒక్కసారేగా. ఈగ వాలినంత అన్నావు కదా నువ్వే."

"మనకే ఈగ, అన్నాళ్ళు బెదిరిపోయిన దానికి అది ఏనుగే. మీరు వెళ్ళి భోంచెయ్యండి."

ఆయన్ని కసరడం తేలికే. తనను తాను కసరుకోవడమే కష్టమైంది. పెట్టెలోంచి చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడం మంచిదే. కానీ చచ్చిపోయినా చప్పుడు ఉండదు. పుస్తకం తెరిచింది, ఒక్క వాక్యం తలకెక్కలేదు. లేచి నిలబడింది, కూర్చుంది. పోనీ మూత తీసి చూస్తే? వెలుతురు పడుతుంది. అది ఇంకా ప్రమాదం. ఇన్నాళ్ళు సాకిన ప్రాణి అవతలి గదిలో ఉందో పోయిందో తెలియకపోతే మనిషి ఎలా ఉండగలదు? ఆమెకు గిరిజ మీద కూడా కోపం వచ్చింది. ఒక్క బుస కొడితే ఏం పోయింది దీనికి అనుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం భాస్కరం భోజనానికి వెళ్ళాడు. సుభాషిణి మీట వైపు చూడకూడదని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కాసేపటికి కుర్చీ తనంతట తానే తిరిగినట్టు ఇటు తిరిగింది. ఒక్కసారి. బాగుందని వింటే చాలు, మళ్ళీ జోలికి వెళ్ళదు. తనేమీ ఊళ్ళో జనంలా కాదు కదా, ఎప్పుడు అడగాలో తెలిసిన డాక్టరు.

నొక్కింది.

"తల్లీ, ఎలా ఉన్నావు?"

కుశలిని కొంచెం ఆగింది.

"ఇప్పటిదాకా బాగానే ఉన్నాను," అంది.

అవతలి గదిలో చెక్క పెట్టె గోడకు ఏదో గట్టిగా తగిలింది. తరువాత ఆమెకు బాగా తెలిసిన చప్పుడు, గొంతు వెడల్పవుతున్న చప్పుడు, మెల్లగా మొదలైంది. సుభాషిణి కుర్చీలోంచి లేచింది. పరుగెత్తాలో కదలకుండా ఉండాలో తోచలేదు.

"అయ్యో, ఏమైందమ్మా?" అంటూ మళ్ళీ మీట నొక్కింది.