హారతి ముందు చెప్పిన పేరు

అన్నవరం కొండ మీద, వ్రతాల మంటపం బయట, గుండు గీయించుకున్న భక్తుడొకాయన పల్లంరాజు పక్కనొచ్చి కూర్చున్నాడు.

"ప్రసాదం ఇంకా వేడిగానే ఉందాండి?"

"ఆకు విప్పితేగానీ తెలియదండి."

కోడ్ సరిపోయింది. ఆ గుండు గూఢచారి శాఖ చీఫ్ చంద్రరావుది. ఆయన ఒక ఆకు పొట్లం చేతిలో పెట్టాడు. పైన నెయ్యి కారుతున్న ప్రసాదం, అడుగున ఎర్రరాయి పొదిగిన గాజు. పల్లంరాజు ముందు ప్రసాదం సంగతి చూశాడు. ఎంత పెద్ద మిషన్ అయినా ఆ రుచి దగ్గర మాత్రం అతనికి తొందర ఉండదు.

బ్రీఫింగ్ గుసగుసల్లో సాగింది. టార్గెట్ పేరు సత్యవాణి. రాజమండ్రిలో సొంతంగా న్యూస్ చానెల్ నడిపేది. తీరప్రాంతపు రహస్యాలు ఒక విదేశీ ముఠాకు అమ్ముతోందని ఆరోపణ. చానెల్ బ్లాక్ చేశారు, ఆఫీసుకు సీలు వేశారు. ఆమె కెమెరామన్ గోదావరిలో ఈతకు దిగి చనిపోయాడట. ఈత రానివాడు ఎందుకు దిగాడో ఎవరూ అడగలేదు. సత్యవాణి ఇప్పుడు సముద్రం ఒడ్డున చినరేవుపాలెంలో, తలుపులమ్మ అనే ఆవిడ ఇంట్లో దాక్కుందని అనుమానం. ఆ పేటకు నెల రోజులుగా ఇంటర్నెట్ లేదు.

గాజు, పల్లంరాజు పక్కన పెళ్ళికూతురి వేషం వేసే ఏజెంట్ చేతికి. సత్యవాణి ఉందని తేలగానే రాయి నొక్కాలి. కారులో పట్టుచీర పెట్టెలా కనిపించే శాటిలైట్ లింక్ ఆ సిగ్నల్ అందుకుని, సముద్రంలో ఆగి ఉన్న టీమ్‌కు పంపుతుంది.

"అరెస్ట్ చేసి మెజిస్ట్రేట్ ముందు పెడతారా సార్?"

"నువ్వు మనిషిని చూపించు చాలు," అన్నాడు చంద్రరావు, కొండ కింద వెళ్తున్న రైలు వైపు చూస్తూ.

పెళ్ళికూతురు మంటపంలోంచి వచ్చింది. రమ్యశ్రీ. తలనిండా మల్లెలు, కాళ్ళకు పారాణి, పసుపు ఆరని తాడు. మూడు దేశాల రాయబారుల్ని ముంచిన మనిషి అంటే ఎవరూ నమ్మరు. ఏజెంట్ల అసలు పేర్లు ఒకరికొకరికి తెలియకూడదన్నది శాఖ రూలు. ఆమెకు అతను జానకిరామ్. పల్లంరాజు అన్న పేరు తెలిసింది చంద్రరావు ఒక్కడికే.

పొద్దు వాలుతుండగా తలుపులమ్మ గుమ్మం ముందు వాళ్ళ కారు చెడిపోయింది. చెడిపోవాలి కదా మరి. కొత్త దంపతుల్ని వీధిలో నిలబెట్టడం ఆ పేటలో ఎవరికీ చేతకాదు. ప్రభుత్వం వేసిన ప్లాన్ మొత్తం ఆ మర్యాద మీదే నిలబడి ఉంది.

తలుపులమ్మ కాసేపు తటపటాయించింది. లోపలికోసారి చూసుకుంది. చివరికి వ్రతం చేసుకొచ్చిన పిల్లల్ని పొమ్మనలేక హారతి పళ్ళెం తెచ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మూగారు. కర్పూరం వెలిగింది. అప్పుడావిడ గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాపింది.

"పేరు చెప్పి లోపలికి రావాలండి అమ్మాయిగారు. మా దగ్గర అంతేనండి."

రమ్యశ్రీ తల వంచుకుంది. ఆడవాళ్ళు ఏడిపించారు. సిగ్గయితే మొగుణ్ణి ఇక్కడే వదిలేసి వెళ్ళమన్నారు, కరెంటు మోటారు బాగుచేయించుకుంటామన్నారు. ఆమె నవ్వింది. రెండు చేతులూ హారతి మీద ఆన్చి కళ్ళకద్దుకుంది.

"నేనూ, మా ఆయన పల్లంరాజు గారూ వచ్చామండి."

అందరూ నవ్వారు. పల్లంరాజు కూడా నవ్వాడు. ఆమెకు తెలియాల్సిన పేరు జానకిరామ్.

లోపల గోడకు దండ వేసిన చిన్న ఫోటో ఉంది. రెండు పిలకలు, కాటుక. ఎవరండీ అని అడిగాడు.

"మా మనవరాలండి. పంటకాలవ పక్కన గ్యాస్ గొట్టం పగిలిన రోజున పోయిందండి. మా వీధిలో పోయినోళ్ళందరికీ కల్తీ సారా అని కాగితాలిచ్చారండి. దీనికీ ఇచ్చారు. మూడేళ్ళ పిల్లండి."

పల్లంరాజు మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేశాడు. కొత్త పెళ్ళాం చెయ్యి పట్టుకున్నట్టే పట్టుకుని రమ్యశ్రీని పెరట్లోకి తీసుకెళ్ళాడు.

"నా పేరు మీకెవరు చెప్పారండీ?"

"మాది మండపేటండి. హారతి కళ్ళకద్దుకుంటూ అబద్ధపు పేరు నోటికి రాలేదు."

"అది కాదు నేనడిగింది."

"మీ ఫోటో, పేరు నన్ను పంపిన ఆ విదేశీ ముఠావాళ్ళే ఇచ్చారు. తిరుగు ప్రయాణంలో కారు కాలవలో పడుతుంది. నేను ముందే దిగిపోవాలి."

"అంటే విదేశీ ముఠా నిజంగానే ఉందన్నమాట."

"ఉంది. అద్దెకు తెచ్చుకున్నది మీ శాఖవాళ్ళే."

అతని చూపు గాజు మీద పడింది. ఆమె చేతిని వెనక్కి దాచుకుంది. గుమ్మంలో ఉన్నప్పుడే లోపలి గది తెర కింద ఆడమనిషి పాదాలు కనిపించాయట. అప్పుడే నొక్కేసిందట.

"ఆపండి."

"దీన్ని నొక్కడానికే చేశారండి. ఆపడానికి కాదు."

సముద్రం వైపు నుంచి మోటారు బోటు చప్పుడు మొదలైంది. పేటవాళ్ళ బోట్లు అలా మొరగవు.

పల్లంరాజు తెర దగ్గరకెళ్ళి నిలబడ్డాడు. "సత్యవాణి గారూ, మిమ్మల్ని పట్టివ్వడానికి వచ్చిన ప్రభుత్వ మనిషిని నేను. ఇప్పుడు కాదు. మీరు చెప్పాలనుకున్నదంతా చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?"

తెర తొలిగింది. బక్కపలచని మనిషి, చేతిలో ఫోన్. "నెల రోజులుగా బట్టీ పట్టానండి. వినడానికి నెట్ ఏదీ?"

కారులోంచి చీర పెట్టె వచ్చింది. దేశంలో ఏ తీగ తెంచినా తెగని లింక్, సర్కారు సొమ్ముతో కొన్నది. ఆమె చానెల్ లేకపోతేనేం, మిగతా ఊళ్ళలో ఆమె స్నేహితుల చానెళ్ళున్నాయి. అందరికీ ఒకేసారి లైవ్. తలుపులమ్మ ఫోటో తీసి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. పక్కన ఆ వీధి ఆడవాళ్ళు, తమవాళ్ళకిచ్చిన కాగితాలతో. సత్యవాణి గ్యాస్ గొట్టం పగిలిన రోజు నుంచి మొదలుపెట్టింది. ఒక్కో కాగితం చూపిస్తూ ఫోన్ పట్టుకోవడం ఆమెకు కుదరలేదు. రమ్యశ్రీ దాన్ని అందుకుంది. ఎందుకో పల్లంరాజు వద్దనలేదు.

బ్యాడ్జీలు లేని నలుగురు ఇసుక దాటి వచ్చారు. ముందున్నవాడు తువ్వాలు తొలగించాడు. సైలెన్సర్ బిగించిన తుపాకి తలుపులమ్మను దాటి సత్యవాణి నుదుటి మీద ఆగింది.

రమ్యశ్రీ ఫోన్‌ను మెల్లగా తిప్పి వాడి మొహం మీద నిలబెట్టింది. "నవ్వండి," అంది. "లక్షమంది చూస్తున్నారు."

వాడి వేలు బిగిసింది. చెవిలోని ఇయర్‌ఫోన్ ఏదో గట్టిగా కీచుమంది, అరుగు మీదున్నవాళ్ళకు కూడా వినిపించేంత గట్టిగా. అది చంద్రరావు గొంతు. వెనక్కి రమ్మంటోంది. తుపాకి తువ్వాల్లోకి పోయింది. బోటు చప్పుడు సన్నబడేదాకా సత్యవాణి ఆగకుండా మాట్లాడుతూనే ఉంది.

జనం సర్దుకున్నాక చూస్తే రమ్యశ్రీ లేదు. ఫోన్ అరుగు మీద ఉంది. ఆఖరి బస్సులో మల్లెపూల అమ్మాయి ఒకతె ఎక్కిందని ఎవరో అన్నారు.

మర్నాడు ప్రభుత్వం ప్రకటన విడుదల చేసింది. గ్యాస్ లీకు జరగలేదు. ముఠా లేదు. చినరేవుపాలేనికి ఎవరినీ పంపలేదు. పల్లంరాజు అనే ఏజెంట్ తమ శాఖలో లేనే లేడు.

పల్లంరాజు ఆ వార్తను రాజమండ్రిలో టీ కొట్టు దగ్గర, గ్లాసు ఊదుకుంటూ విన్నాడు. రాజీనామా మెయిల్ పంపి అప్పటికి అరగంటే అయింది. ఆ ఏడాది మొత్తానికి ఆ శాఖ చెప్పిన నిజం అదొక్కటే.