మూడునాళ్ల చెంబు

ఆంజినమ్మ అరుగు అలుకుతోంది. పేడనీళ్లలో గుడ్డ ముంచడానికి వంగిన ప్రతిసారీ కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి. బిరబిరా పని ముగించి, పొద్దెక్కకముందే విడపనకల్లు రోడ్డు మీద సర్కారు పెట్టిన కరువుపనికి చేరాలి. గంపలతో కంకర మోయాలి.

"ఆపు మే," అంది వెనక నుంచి తల్లి హనుమక్క.

ఆమె చేతిలో సత్తుచెంబు ఉంది. నెలనెలా ఆ మూడు రోజులూ ఇంట్లోకి రాకుండా అరుగు మీద కూర్చునే ఆడమనిషికి వాడే చెంబు. తక్కిన రోజుల్లో చూరుకు వేలాడుతుంది. ఇప్పుడు దాని మూతికి సాలెగూడు అల్లుకుంది.

"ఒక నెల తప్పితే ఎండ దెబ్బ అనుకుంటి. రెండో నెల నోరు మూసుకుంటి. ఇది మూడో నెల. ఎవురే వాడు?"

ఆంజినమ్మ చేతిలో గుడ్డ జారిపోయింది. ఎప్పుడో ఒకనాడు ఈ మాట వస్తుందని ఆమె రోజూ వణుకుతూనే ఉంది. ముదిగుబ్బ పెళ్లివాళ్లు వక్కాకు మార్చుకుని, సంబంధం ఖాయం చేసుకుని పోయి ఆరు నెలలైంది.

"ఎవురూ లేరమ్మా."

"మేస్త్రీ జయరాముడా?"

"గంప ఎత్తినాడు, అంతే. అప్పుడు చెయ్యి తగిలింది." ఆ పిల్ల తన అరచేతిని చూసుకుంది. "చెయ్యి తగిలితే అయితాదా అమ్మా?"

హనుమక్క ఒక్క క్షణం తెల్లబోయింది. కానీ భయం ఆమెను ఆగనివ్వలేదు. గడపలో కూర్చున్న మొగుడు మారెప్ప వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు.

"బావిలో దూకుదువు గానీ, ముందు కడుపు పోయే పసరు తాగు. పీరాంబీకి కబురు పెట్టినా."

పీరాంబీ ఊళ్లో అందరికీ పురుళ్లు పోసే ముసలామె. వచ్చింది గానీ ఆమె చేతిలో పసరు లేదు. ఆంజినమ్మను చాప మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూసింది. కింది కనురెప్ప లాగి చూసింది. సున్నంలా తెల్లగా ఉంది. గోళ్లూ అంతే. ఆంజినమ్మ ఊపిరి బిగబట్టి ఆ ముసలి ముఖాన్నే చూస్తోంది.

"హనుమక్కా, ఈ కడుపులో బిడ్డా లేదు, కూడూ లేదు."

"మరి ముట్టు ఏంటికి నిలిచిపోయె?"

"కడుపు ఒక్కదానికేనా నిలిచేది? తిండి లేకుంటే నిలుస్తాది. మోయలేని బరువు మోస్తే నిలుస్తాది. జరమొచ్చి పీల్చినా, దిగులు పట్టినా నిలుస్తాది. ఆ రోడ్డుపని నుంచి నా కాడికి వచ్చినోళ్లలో నీ కూతురు నాలుగోది. ఒక్కదానికీ కడుపు లేదు. పసరు తాపింటే ఈ పొద్దు పీనుగను మోసేవోళ్లు మీరు."

హనుమక్క గోడకు ఆనుకుంది. "కూడు లేకపోవడమేంది వదినా? ఆ రోడ్డుపని కాడ దినామూ గంజి పోస్తారు. ఆ ధైర్యంతోనే ఇంట్లో దీనికి ముద్ద పెట్టడంల్యా. చిన్నోళ్లకే పెడతాండా."

ఆంజినమ్మ చూపు గడప దగ్గరికి పోయి, చటుక్కున నేలకు వాలింది. అక్కడ మారెప్ప పక్కన మట్టి ముంత ఉంది. రోజూ పొద్దుగూకేసరికి ఆమె దాన్ని గంజితో నిండుగా తెచ్చి ఆయనకు ఇచ్చేది. 'రెండుసార్లు పోసినారు నాయనా, మిగిలింది' అనేది.

"దినామూ మిగిలిందా మే?" అంది హనుమక్క.

"నాయన ఆ లైనులో నిలబడలేడు గదమ్మా."

పదెకరాల రైతు గంజికి చెయ్యి చాపాల్నా, కంకర మోయాల్నా అని కరువు మొదట్లో అరిచింది మారెప్పే. ఇప్పుడాయన ముంత వైపు చూస్తూ ఉండిపోయాడు.

హనుమక్క కూతురి తలను ఒళ్లోకి లాక్కుంది. "నన్ను కొట్టే, ఆ చెంబుతోనే నన్ను కొట్టు," అంటూ ఏడ్చింది. ఆంజినమ్మకు ఏడుపు కూడా రాలేదు. తల్లి ఒళ్లు వెచ్చగా ఉంది. మూడు నెలలుగా బిగుసుకున్న వేళ్లు మెల్లగా విచ్చుకున్నాయి.

"ఏడ్చింది చాలు, సంగటి ఉంటే పెట్టు," అంది పీరాంబీ. "రెండు నెలలు కడుపు నిండా తిననీ. అప్పటికీ రాకుంటే అనంతపురం ఆస్పత్రికి తోలకపో. ఆ చెంబు కడిగి పెట్టు, పనికొస్తాది."

గడపలో అలికిడైంది. మారెప్ప లేచాడు. మూల బోర్లించి ఉన్న కూతురి గంప తీసుకున్నాడు. భుజం మీది తువ్వాలును చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకున్నాడు. ముంత చేత పట్టుకుని విడపనకల్లు రోడ్డు వైపు దిగిపోయాడు.